కంప్యూటరు కంటే ముందు కాగితం: మన జకాత్ రిజిస్టరుకు గీసిన బొమ్మలు



ఈ సంచికకు ఒక వ్యాసం రాయమని కమిటీవారు అడిగినప్పుడు కొంచెం వెనకాడాను. నాకు తెలిసింది సాఫ్ట్‌వేర్ పని. ఉపకార వేతనాల నివేదిక, జమాఖర్చుల పట్టిక, దాతల పేర్లు ఉండే పుస్తకంలో సాఫ్ట్‌వేర్ పాఠానికి చోటేమిటి అనిపించింది. కానీ పోయినేడు మన రిజిస్టర్లను కంప్యూటరులోకి ఎక్కించాలని తీర్మానం చేసుకున్నాక, ఆ పని మొదలుపెట్టకుండా మూడు ఆదివారాలు కాగితాల మీద గళ్లూ గీతలూ గీస్తూ కూర్చున్నాం. "కంప్యూటరు పని అని చెప్పి ఈ బొమ్మలేంది?" అని అడిగినవారున్నారు. అడగవలసిన ప్రశ్నే. అక్కడ లెక్కలోకి వచ్చేది మీ డబ్బు, మీరు నమ్మి అప్పగించిన అమానత్. కాబట్టి జవాబు చెప్పడం నా బాధ్యత.

ఇంకో కారణం కూడా ఉంది. శిరివెళ్ల నుంచి, చుట్టుపక్కల ఊళ్ల నుంచి నంద్యాలకో కర్నూలుకో వెళ్లి కంప్యూటర్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్లలో కొందరు మన సొసైటీ సాయంతో చదివేవాళ్లే. వాళ్ల సిలబస్‌లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనాలిసిస్ అండ్ డిజైన్ అనే పేపరు ఉంటుంది. ఏటీఎం బొమ్మ, గ్రంథాలయం బొమ్మ, రైల్వే రిజర్వేషన్ బొమ్మ బట్టీ పట్టి, ల్యాబ్ రికార్డులో దించేసి పాసవుతారు. ఆ బొమ్మలు ఎవరికోసం గీస్తారో, గీస్తే ఏం తేలుతుందో వాళ్లకు ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు, మన ఊళ్లో ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసింది.

పెన్సిలూ కాగితమూ దగ్గర పెట్టుకొని చదివితే మంచిది.

అచ్చు ఫారమూ, నింపిన రసీదూ

మన ఖజాంచీ దగ్గర రసీదు పుస్తకం ఉంటుంది. నంబరు, తేదీ, ఇచ్చినవారి పేరు, మొత్తం అని ఖాళీ గళ్లతో అచ్చు వేసిన ఫారాలు అందులో ఉంటాయి. రంజాన్‌లో ఆ గళ్లు నింపి, చించి చేతికిచ్చిన ప్రతి కాగితమూ ఒక రసీదు. అచ్చు నమూనా ఒక్కటే, నింపిన రసీదులు వందలు. మా వృత్తిలో ఆ నమూనాను క్లాస్ అంటారు, నింపిన ఒక్కొక్క రసీదును ఆబ్జెక్ట్ అంటారు. ఇంత చిన్న సంగతికి పాఠ్యపుస్తకాలు పది పేజీలు తీసుకుంటాయి.

అయితే క్లాస్‌లో గళ్లు మాత్రమే ఉండవు. దానితో ఏమేం చేయవచ్చో కూడా ఉంటుంది. రసీదును రద్దు చేయవచ్చు, నకలు ఇవ్వవచ్చు, మొత్తాన్ని దిద్దడం మాత్రం కుదరదు. సమాచారాన్నీ, దాని మీద చేయదగిన పనులనూ ఒకేచోట కట్టి ఉంచడమే ఈ పద్ధతికి ప్రాణం. డబ్బు పెట్టె తాళం ఖజాంచీ దగ్గర ఉంటుంది. అధ్యక్షులవారైనా "ఇంత కావాలి, ఇందుకు కావాలి" అని అడగాలే తప్ప పెట్టెలో చెయ్యి పెట్టకూడదు. దీనికే ఎన్‌క్యాప్సులేషన్ అని పెద్ద పేరు. మన పెద్దలు ఈ పేరు వినకుండానే తరతరాలుగా దీన్ని పాటిస్తున్నారు.

మరో మాట దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. క్లాసుల మధ్య ఇన్‌హెరిటెన్స్ ఉంటుంది. తెలుగు పుస్తకాల్లో దాన్ని వారసత్వం అని రాస్తారు. మన ఇళ్లలో వారసత్వం అంటే ఫరాయిజ్ లెక్క. తండ్రి పోయాక ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు వాటాలుగా చీలుతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ పోరు, ఏదీ చీలదు. పై క్లాస్‌కు ఉన్నవన్నీ కింది క్లాస్‌కు పూర్తిగా వస్తాయి, పైవాడి దగ్గరా అలాగే ఉంటాయి. అసలు అర్థం "ఇది దానిలో ఒక రకం" అని. ఆవు ఒక రకం పశువు అన్నట్టు. నేను చేసిన తప్పు ఈ మాట దగ్గరే జరిగింది. అది తర్వాత చెబుతాను.

బొమ్మల భాష ఎక్కడిది

ఆబ్జెక్టులతో ఆలోచించే పద్ధతి 1960లలో నార్వేలో పుట్టింది. ఓస్లోలోని నార్వేజియన్ కంప్యూటింగ్ సెంటర్‌లో ఓలె-యోహాన్ డాల్, క్రిస్టెన్ నిగార్డ్ అనే ఇద్దరు సిములా అనే భాషను తయారు చేశారు. నిజజీవితంలో జరిగే పనులను కంప్యూటరులో నడిపించి చూడటం వాళ్ల ఉద్దేశం. ఆ కృషికి వాళ్లకు 2001 సంవత్సరపు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. తర్వాత ఆ పద్ధతి నలుమూలలా పాకింది కానీ బొమ్మలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఒకరు క్లాస్‌ను మబ్బులా గీస్తే ఇంకొకరు గడిలా గీసేవారు. ఒకరి బాణం ఇంకొకరికి అర్థమయ్యేది కాదు. అమెరికాకు చెందిన గ్రేడీ బూచ్, జేమ్స్ రంబా, స్వీడన్‌కు చెందిన ఐవార్ జేకబ్‌సన్ ముగ్గురివీ మూడు పద్ధతులు. 1994లో రంబా, 1995లో జేకబ్‌సన్ వచ్చి బూచ్ పనిచేసే రేషనల్ కంపెనీలో చేరారు. ముగ్గురూ కలిసి గీతల గొడవ తీర్చుకున్నారు. అలా వచ్చినదే యూనిఫైడ్ మోడలింగ్ లాంగ్వేజ్. 1997 నవంబరులో ఆబ్జెక్ట్ మేనేజ్‌మెంట్ గ్రూప్ అనే సంస్థ దాన్ని అందరికీ ప్రమాణంగా ఆమోదించింది. అందరూ యు.ఎం.ఎల్. అంటారు.

ఇప్పుడు అందులో 14 రకాల బొమ్మలున్నాయి. భయపడనక్కరలేదు. మన పనికి నాలుగు సరిపోయాయి. పద్నాలుగూ వాడినవాణ్ని నేను ఇంతవరకు చూడలేదు.

ఆళ్లగడ్డలో శిల్పుల దగ్గర నిలబడి చూసినవారికి ఇది కొత్త కాదు. ఉలి పట్టేముందు రాతి మీద గీత పడుతుంది. గీత తప్పయితే చెరిపేయవచ్చు, ఉలి దెబ్బ తప్పయితే రాయి పోతుంది. సాఫ్ట్‌వేర్ రాయిలాంటిది కాదు, ఎప్పుడైనా మార్చుకోవచ్చు అని మా వాళ్లే కొందరు అంటారు. నిజమే, మార్చవచ్చు. కానీ రెండేళ్ల లెక్కలు అందులోకి ఎక్కాక మార్చి చూడండి, తెలుస్తుంది. నేను ఎరిగిన ఒక సంస్థ, మనది కాదు, వేరే పట్టణంలోది, గీతల జోలికి పోకుండా నేరుగా ప్రోగ్రాం రాయించుకుంది. అందులో విరాళం అని ఒకే గడి. ఏడాది చివర జకాత్ ఎంత మిగిలింది, లిల్లాహ్ ఎంత మిగిలింది అని అడిగితే కంప్యూటరు చెప్పలేకపోయింది. పెద్దలు రసీదుల అడుగుకాగితాలు ముందేసుకొని చేత్తో విడదీశారు. ఆ ప్రోగ్రాంలో లెక్క తప్పు ఒక్కటి కూడా లేదు. గడి ఒక్కటే తక్కువైంది.

పుల్లల మనుషులు

మొదటి ఆదివారం గీసింది యూజ్ కేస్ బొమ్మ. జేకబ్‌సన్ పుణ్యమే ఇది. ఒక పెద్ద చతురస్రం గీయండి, అది మన ప్రోగ్రాం. లోపల కోడిగుడ్డు ఆకారాలు, ఒక్కొక్కటి ఒక పని: విరాళం నమోదు, దరఖాస్తు స్వీకరణ, విచారణ, మంజూరు, చెల్లింపు, ఆడిట్. బయట చిన్నపిల్లలు గీసే పుల్లల మనుషులు. ఏ మనిషికి ఏ పనితో సంబంధమో గీతతో కలపాలి. అంతే.

నేను ఇంటి దగ్గర గీసుకొచ్చిన బొమ్మలో నలుగురున్నారు: దాత, దరఖాస్తుదారు, ఖజాంచీ, కమిటీ. గోడకు అంటించగానే రెండు తప్పులు బయటపడ్డాయి.

దరఖాస్తుదారు తానే వచ్చి ఫారం నింపుతాడని నేను అనుకున్నాను. హైదరాబాదులో కూర్చుంటే అలాగే అనిపిస్తుంది. ఇక్కడ తల్లి కూలికి పోతుంది, పిల్ల కాలేజీలో ఉంటుంది, ఫారం నింపేది మొహల్లాలో తిరిగే మన వాలంటీర్. ఇల్లు చూసి, పరిస్థితి చూసి, పక్కింటివాళ్లను నొప్పించకుండా అడిగి రాసుకొచ్చేది కూడా అతడే. అంత పని చేసే మనిషి నా బొమ్మలో లేనే లేడు. ఐదో పుల్లల మనిషిని గీశాం.

రెండో తప్పు ఇంకా పెద్దది. దాత నుంచి "లబ్ధిదారుల జాబితా చూడటం" అనే పనికి నేను ఒక గీత గీశాను. డబ్బు ఇచ్చేవారికి ఎవరికి వెళ్లిందో తెలియాలి, పారదర్శకత ఉండాలి అని నా లెక్క. మన కమిటీలో ఉన్న టీచరమ్మ, అందరం ఆపా అని పిలుస్తాం, ఆ గీత మీద వేలు పెట్టి, "అంటే మా వీధిలో ఇచ్చిన ప్రతి ఒక్కరి ఫోన్‌లో మా క్లాసు పిల్లల పేర్లు కనబడతాయా?" అని అడిగింది. గదిలో ఎవరూ మాట్లాడలేదు. రబ్బరుతో నేనే చెరిపాను. ఇప్పుడు దాతకు కనబడేది ఏ నిధిలో ఎంత వచ్చింది, ఎంతమందికి ఎంత వెళ్లింది అన్న లెక్క. పేర్లు చూసే గీత ఆడిటరుకు, కమిటీకి మాత్రమే. చెక్కు అందజేస్తున్న ఫొటోలు సంచికలో ఎందుకు తగ్గాయి అని ఈ ఏడు కొందరు అడిగారు. ఆ చర్చ ఆ చెరిపిన గీత దగ్గరే మొదలైంది. దాతలకు ఇది నచ్చకపోవచ్చు. నాకు మాత్రం ఆపా మాటే సరైనదనిపిస్తుంది.

తీసుకున్నోడు ఇచ్చేవాడు కాలేడా?

రెండో ఆదివారం క్లాస్ బొమ్మ. దీనికి ఒక గడి గీసి, అడ్డంగా రెండు గీతలు గీసి మూడు అరలు చేయాలి. పై అరలో పేరు, మధ్య అరలో ఉండే సమాచారం, కింది అరలో చేయదగిన పనులు. "దరఖాస్తు" అని రాసి ప్రయత్నించండి. మధ్యలో తేదీ, కోర్సు, ఫీజు మొత్తం, కుటుంబ ఆదాయం వస్తాయి. కింద విచారణకు పంపు, మంజూరు చేయి, తిరస్కరించు వస్తాయి.

గడుల మధ్య గీతలుంటాయి. గీత చివర్లలో అంకెలుంటాయి, అవే ముఖ్యం. "వాలంటీర్" గడికీ "దరఖాస్తు" గడికీ గీత గీసి, వాలంటీర్ వైపు 1 అని, దరఖాస్తు వైపు 0..* అని రాస్తే, ప్రతి దరఖాస్తుకూ ఒకే వాలంటీర్ ఉంటాడు, ఒక వాలంటీర్ చేతిలో ఒక్కటీ లేకపోవచ్చు, ఎన్నయినా ఉండవచ్చు అని అర్థం. మేము ఆ 1ని 2 చేశాం. ఒకరే వెళ్లి చూస్తే పక్షపాతం అన్న మాట రావచ్చు, ఇద్దరు వెళ్లాలి అన్నారు పెద్దలు. ఒక అంకె మారింది, సొసైటీ నియమం మారింది. ప్రోగ్రాం రాసేవాడు ఒక్కడే కూర్చొని ఆ అంకె నిర్ణయించి ఉంటే అతని నిర్ణయమే మన నియమం అయ్యేది, మనకు తెలిసేది కూడా కాదు.

ఇక నా తప్పు. బొమ్మలో పైన "వ్యక్తి" అని ఒక గడి గీసి, కింద "దాత", "లబ్ధిదారు" అని రెండు గడులు గీశాను. వాటి నుంచి పైకి, కొసన ఖాళీ త్రికోణం ఉన్న బాణాలు వేశాను. ఆ త్రికోణం బాణానికి అర్థం ఇందాక చెప్పిన ఇన్‌హెరిటెన్స్. దాత ఒక రకం వ్యక్తి, లబ్ధిదారు ఇంకో రకం వ్యక్తి. పేరు, చిరునామా, ఫోను పైగడి నుంచి ఇద్దరికీ వస్తాయి, రెండుసార్లు రాసుకోనక్కరలేదు. చూడటానికి చక్కగా ఉంది. కాలేజీ ల్యాబ్‌లో అయితే పూర్తి మార్కులు పడతాయి.

ఖజాంచీ చాచా కళ్లద్దాలు సరిచేసుకొని చాలాసేపు చూశారు. ఆయన జీవితంలో కంప్యూటర్ ముట్టలేదు.

"బేటా, ఈ ముక్కోణం ఏం చెప్తుంది?"

"దాత ఒక రకం మనిషి, లబ్ధిదారు ఇంకో రకం మనిషి అని, చాచా."

"అట్లయితే మొన్న బెంగళూరు నుంచి జకాత్ పంపినాడే పిల్లోడు, వాడు యే రకం? వాని డిప్లొమా ఫీజు కట్టింది మనమే కదా. ఈ లెక్కన తీసుకున్నోడు యెప్పటికీ ఇచ్చేవాడు కాలేడా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ బొమ్మ ప్రకారం ప్రోగ్రాం రాసి ఉంటే ఏమయ్యేదో చెబుతాను. ఆ అబ్బాయి ఫోను నంబరు లబ్ధిదారుగా నమోదై ఉంటుంది. అతడు మొదటి జీతంలోంచి డబ్బు పంపి రసీదు అడిగితే కంప్యూటరు నమోదు కుదరదంటుంది. అతడు ఫోన్ చేస్తే ఎవరో ఒకరు, చెడ్డ ఉద్దేశం లేకుండానే, "నీ పేరు తీసుకునేవాళ్ల లిస్టులో ఉంది బాబూ, అందుకే రావట్లేదు" అంటారు. ఆ మాట విన్నాక అతడు ఇంకోసారి పంపుతాడా? లేదంటే అతనికి కొత్త నంబరుతో ఇంకో ఖాతా తెరుస్తారు. ఒకే మనిషి ఇద్దరవుతాడు, లెక్కలు అక్కడి నుంచి చెడతాయి.

తిరగేసి చూసినా అంతే. నిరుడు ఇచ్చినవారికి ఈ ఏడు అవసరం పడవచ్చు. కాలువ నీళ్లు అందక పైరు ఎండుతుంది, ఇంటి పెద్ద మంచాన పడతాడు, గల్ఫ్‌లో పని పోతుంది. జకాత్ తీసుకునే అర్హత మనిషి నుదుటి మీద రాసి ఉండేది కాదు. అవసరాలు పోను 612.36 గ్రాముల వెండి విలువకు సరిపడే ఆస్తి చేతిలో ఉందా లేదా అని ఆ రోజుకు చూసేది. ఆ రోజు లేని ఆస్తి రెండేళ్లకు రావచ్చు, ఉన్నది పోవచ్చు. నేనేమో ఆ రోజు పరిస్థితిని పట్టుకొని మనిషి జాతిగా గీశాను.

దిద్దుబాటు చాలా చిన్నది. "దాత", "లబ్ధిదారు" గడులు రెండూ చెరిపేశాం. "వ్యక్తి" ఒక్కటే మిగిలింది. వ్యక్తి నుంచి "విరాళం" గడికి ఒక గీత, వ్యక్తి వైపు 1, విరాళం వైపు 0..*. వ్యక్తి నుంచి "దరఖాస్తు" గడికి ఇంకో గీత, అవే అంకెలు. విరాళం రాసి ఉంటే ఆ తేదీకి అతడు దాత. దరఖాస్తు మంజూరై ఉంటే ఆ ఏడాదికి లబ్ధిదారు. రెండూ ఉండవచ్చు, ఏదీ లేకపోవచ్చు. బొమ్మ ముందుకంటే చిన్నదైంది, మరిన్ని సంగతులకు చోటిచ్చింది. మంచి దిద్దుబాటు చాలాసార్లు ఇలాగే ఉంటుందని నా అనుభవం.

విద్యార్థులు ఈ ఒక్క సంగతి గట్టిగా పట్టుకోవాలి. త్రికోణం బాణం వేసేముందు అడగండి: ఇవాళ ఈ రకంగా ఉన్నది రేపు ఆ రకం కాగలదా? కాగలిగితే ఆ బాణం వద్దు.

త్రికోణం సరిపోయిన చోటు

అలాగని ఆ బాణం ఎందుకూ పనికిరాదని కాదు. అదే మధ్యాహ్నం అది సరిగ్గా అతికిన చోటు దొరికింది. పైన "నిధి" అని గడి, కింద జకాత్, ఫిత్రా, సదఖా, లిల్లాహ్, బ్యాంకు వడ్డీ అని ఐదు గడులు. ఇక్కడ ఆ ప్రశ్న వేసి చూడండి. జకాత్‌గా ఇచ్చిన రూపాయి రేపు లిల్లాహ్ కాగలదా? కాలేదు. అలా కాకుండా కాపాడటానికే కదా ఖజాంచీ ఉన్నది. సొసైటీ సేవింగ్స్ ఖాతాలో బ్యాంకు వేసే వడ్డీ కూడా ఏనాటికీ సదఖా కాదు, విడిగా తీసి విడిగా వదిలించుకోవలసిందే. ఇక్కడ రకం అంటే నిజంగా రకమే.

ఈ ఐదు గడులకూ కింది అరలో ఒకే ప్రశ్న రాశాం: "ఈ ఖర్చు నీలోంచి చెల్లుతుందా?" ఆఫీసు కరెంటు బిల్లు చూపి అడిగితే లిల్లాహ్ అవునంటుంది, జకాత్ కాదంటుంది. విధవరాలి కొడుకు ఫీజు చూపి అడిగితే జకాత్ ముందు అర్హత చూపమంటుంది. ఫిత్రా అయితే ఇంకో ప్రశ్న వేస్తుంది, ఈద్ నమాజుకు ముందే చేరుతుందా అని. ప్రశ్న ఒక్కటే, ఎవరి జవాబు వారిది. పరీక్షలో పాలిమార్ఫిజం అంటే ఏమిటని అడిగితే పిల్లలు గ్రీకు మాటకు అర్థం రాసి ఊరుకుంటారు. ఇది రాయండి.

గీతల్లో పట్టని నియమాలుంటే, మూల మడిచిన కాగితంలా ఒక చిన్న గడి గీసి అందులో మామూలు మాటల్లో రాసి చుక్కల గీతతో తగిలించవచ్చు. మేము ఒకటి రాశాం: దాత ఫలానా విద్యార్థికే అని పేరు చెప్పి జకాత్ ఇస్తే, ఆ విద్యార్థి అతని కొడుకో కూతురో మనవడో మనవరాలో కాకూడదు. ఈ నియమం పెద్దలందరికీ తెలుసు. ప్రోగ్రాం రాసే కుర్రవాడికి ఎవరు చెబుతారు? ఆ మడత కాగితమే చెప్పాలి.

బాణం ఒకటి తక్కువ

మూడో ఆదివారం సీక్వెన్స్ బొమ్మ. పైన వరుసగా పేర్లు రాయాలి: విద్యార్థి, వాలంటీర్, కమిటీ, ఖజాంచీ, కాలేజీ. ఒక్కో పేరు కింద చుక్కల గీత నిలువుగా దిగుతుంది. కాలం పైనుంచి కిందికి నడుస్తుంది. ఎవరు ఎవరికి ఏం పంపారో అడ్డంగా బాణాలు. క్లాస్ బొమ్మ ఇంటి ప్లాను అయితే, ఇది ఆ ఇంట్లో ఒక రోజు.

బాణాలు వరుసగా పడ్డాయి. దరఖాస్తు, విచారణ, నివేదిక, మంజూరు. చివర ఖజాంచీ నుంచి నేరుగా కాలేజీకి ఫీజు. డబ్బు పక్కదారి పట్టకుండా కాలేజీ ఖాతాకే పంపడం మనకు అలవాటు, అందరికీ నచ్చిన పద్ధతి. కానీ బొమ్మలో చూస్తే విద్యార్థి గీత మీదకు డబ్బు తాలూకు బాణం ఒక్కటీ రాలేదు. ఆ రోజు కూర్చున్న ఇమాం సాబ్ అది గమనించారు. హనఫీ ఫిఖ్హ్ ప్రకారం జకాత్ చెల్లాలంటే తమ్లీక్ ఉండాలి, అంటే ఆ సొమ్ము అర్హుడి సొంతం కావాలి. బొమ్మలో అది సొసైటీ చేతిలోంచి కాలేజీ చేతిలోకి పోయింది, అర్హుడు మధ్యలో ఎక్కడా లేడు. ఆయన చెప్పిన దిద్దుబాటు ఇది: నా తరఫున ఈ సొమ్ము తీసుకొని ఫీజు కట్టండి అని విద్యార్థి, మైనరైతే సంరక్షకుడు, సొసైటీకి వకాలత్ ఇవ్వాలి. ఖజాంచీ నుంచి కాలేజీకి వెళ్లే బాణానికి ముందు విద్యార్థి నుంచి ఖజాంచీకి ఒక బాణం పెరిగింది. దరఖాస్తు ఫారంలో ఒక వాక్యం, ఒక సంతకం. ఇంతకుముందు ఈ మాట ఎవరికీ తట్టలేదని కాదు. ఖాతా పుస్తకంలో జమ ఒకచోట, ఖర్చు ఒకచోట ఉంటుంది, మధ్యలో దారి కనబడదు. ఇలాంటి మసాయిల్‌లో చివరి మాట ఆలిములది. బొమ్మ చేసిందల్లా వాళ్లు చూడగలిగే చోట దాన్ని పెట్టడం.

నాలుగోది స్టేట్ బొమ్మ. ఒక దరఖాస్తు ఏయే దశల్లో ఉంటుందో, ఒక దశ నుంచి ఇంకో దశకు ఎలా పోతుందో చూపేది. అందింది, విచారణలో ఉంది, మంజూరైంది, చెల్లించాం, ముగిసింది. ఇందులో దొరికింది ఒకటే. ఆదాయ ధ్రువపత్రం కోసం మీసేవ చుట్టూ తిరుగుతున్నవారికి దశ అంటూ లేదు. వాళ్లను తిరస్కరణ గడిలోకి తోసేవాళ్లం. "పత్రం కోసం ఆగింది" అని ఒక దశ చేర్చి, అక్కడి నుంచి విచారణకు తిరిగి వచ్చే బాణం వేశాం.

ఎంత గీయాలి

బొమ్మల మీద మోజు పెరిగితే అదీ నష్టమే. ప్రతి చిన్న దానికీ గడి గీసి, నూరు పేజీల ఫైలు చేసి, ఎవరూ చదవని బీరువాలో పెట్టిన ప్రాజెక్టులు నేను చూశాను. ప్రోగ్రాం మారుతుంది, బొమ్మ మారదు, కొన్నాళ్లకు బొమ్మ అబద్ధం చెబుతుంది. అబద్ధం చెప్పే బొమ్మ ఉండటం కంటే లేకపోవడం నయం. మేము క్లాస్ బొమ్మను ఒకే పెద్ద కాగితం మీదకు కుదించి ఆఫీసు గోడకు పెట్టాం. మిగతావి పని అయ్యాక తీసేశాం. గీయడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు. పాత క్యాలెండరు వెనకవైపు తెల్లగా ఉంటుంది, అందుకు బాగా పనికొస్తుంది. కంప్యూటరులోనే గీయాలనుకునే పిల్లలకు ప్లాంట్‌యు.ఎం.ఎల్. ఉచితంగా దొరుకుతుంది. మాటల్లో రాస్తే గడులు అదే గీసి పెడుతుంది.

బొమ్మ దొంగతనాన్ని ఆపదు, సోమరితనాన్ని ఆపదు. రాసే చేతిలో నైపుణ్యం లేకపోతే దాన్నీ పూడ్చదు. పైగా బొమ్మలో తప్పు పట్టాలంటే దాని ముందు సరైన మనుషులు కూర్చోవాలి. మూడు ఆదివారాల్లో నేను స్వయంగా కనుక్కున్న తప్పు ఒక్కటీ లేదు. ఆపా ఒకటి, చాచా ఒకటి, ఇమాం సాబ్ ఒకటి పట్టారు. మిగతావి టీ తాగుతూ నలుగురూ పట్టారు. వాళ్లెవరికీ ప్రోగ్రాం చూపి ఉంటే ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

ఇప్పుడు ప్రోగ్రాం సగం తయారైంది. ఈ రంజాన్‌కు రసీదులు కొత్త ఫారం మీద ఉంటాయి. అందులో "ఏ నిధికి" అని ఒక గడి, దాని కింద "ఫలానా విద్యార్థికి అయితే, మీకు వారేమవుతారు" అని ఇంకో గడి కనబడతాయి. చాలామంది తొందరలో మొత్తం రాసి సంతకం చేసి వెళ్లిపోతారు. ఆ రెండు గళ్లూ మీరు నింపవలసినవి. వాలంటీర్ అడిగితే విసుక్కోకండి. మొదటి గడి ఖాళీగా ఉంటే రసీదు అచ్చు కాదు, కాకూడదని మేమే అలా గీశాం.